తడికాలి కొలత

ఆఫీసు వాళ్ళ లెక్కలో మనుషుల కాళ్ళన్నీ ఒకటే సైజు. రేవులో పనిచేసే తొమ్మిది మంది ఈతగాళ్ళకి తొమ్మిది జతల ఫిన్స్ తెప్పించారు. తొమ్మిదీ పదో నంబరే. ఎవరి కాలు ఎంతో అడిగిన పాపాన పోలేదు.

అందులో ఒక జత శనివారం పొద్దున గవర్నర్‌పేటలో, లాడ్జి పక్క సందులో ఉన్న ఖాలిక్ చెప్పుల షాపు బల్లమీదికి వచ్చింది. నల్ల రబ్బరు. ముందు బాతుకాలులాగా మూరెడు రెక్క, వెనక కాలు దూర్చుకోవడానికి బూటులాంటి తొడుగు. మడమ దగ్గర తెల్ల పెయింటుతో ఏడు అని జత నంబరు. తెచ్చినాయన దుర్గాప్రసాద్. యాభైకి దగ్గరపడ్డ మనిషి, నదిలో ఉండి ఉండి కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

“ఖాలిక్ భాయ్ లేడామ్మా?”

సాలేహా తెర పక్కకి తీసింది. షాపులో తెర ముందు భాగం ఆమె భర్త ఖాలిక్‌ది, తెర వెనక భాగం ఆమెది. ఆడవాళ్ళు కొలతకి వస్తే బయటికి వచ్చేది. మగవాళ్ళు వస్తే లోపలే కూర్చుని పైతోళ్ళు కుట్టుకునేది. ఆ రోజు ఖాలిక్ మంగళగిరిలో పెళ్ళివారి చెప్పులు ఇచ్చి రావడానికి పొద్దున్నే బస్సెక్కాడు.

“సాయంత్రానికి వస్తారన్నా. చెప్పులకా, బూట్లకా?”

“రెంటికీ కాదు. దీనికి.” దుర్గాప్రసాద్ ఫిన్‌ని తిప్పి పెట్టి, కుడికాలి చెప్పు విడిచాడు. ఆ కాలికి చిటికెన వేలూ దాని పక్క రెండూ లేవు. “బోటు ఫ్యాను పట్టుకుపోయింది. ఎడమ కాలికి ఇది ఎట్టాగో ఆగుద్ది. కుడికాలికి మాత్రం రెండు తన్నులు తన్నేసరికి ఊడొస్తంది. అది అటు, నేను ఇటు.”

“మరి ఇన్నాళ్ళూ ఎలా దిగారు?”

“ఉత్త కాళ్ళతో. ముప్పై ఏళ్ళు దిగాను.” నవ్వాడు గానీ ఆ నవ్వులో పస లేదు. “ఇప్పుడు రూలొచ్చింది. ఇవి లేకుండా దిగితే లెక్కలోకి రాదంట. సోమవారం పరీక్ష. రేవుకెదురుగా ఇసుక తవ్విన గొయ్యుంది, ముప్పై అడుగులు. అడుగున ఇసుక మూట పడేస్తారు. ఒక్క ఊపిరిలో దిగి తేవాలి. తెచ్చినోడికి కార్తీకం డ్యూటీ. తేలేనోడు గట్టుమీద తాడు పట్టుకుని నిలబడాలి.”

“తాడు పట్టుకోవడమూ పనేగా.”

“పనే. కాదనను.” ఆయన ఫిన్ అంచుని వేలితో గీరాడు. “రోజూ పొద్దున బల్లెం పట్టుకుని దిగి నాలుగు వాలుగలు కొట్టుకొచ్చుకుంటా. ఎవరన్నా మునిగారని ఫోనొస్తే ఆ గోతిలో మొదట దిగేది నేనే. అక్కడ రాయెక్కడుందో, చెట్టు మోడు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్తా. నన్ను గట్టుమీద నిలబెట్టి, గొయ్యి తెలియని పిల్లల్ని దింపితే ఎవరిదో ఒకరిది ప్రాణం పోద్దమ్మా. దానికి నా భయం.”

ఖాలిక్ ఉంటే ఏమనేవాడో సాలేహాకి తెలుసు. నీళ్ళలో నానే వస్తువు మన పని కాదు, తీసుకెళ్ళండి అనేవాడు. ఆమె ఫిన్ చేతిలోకి తీసుకుంది. తొడుగులోకి చెయ్యి పెట్టి చూసింది. వేళ్ళ దగ్గర రెండంగుళాల ఖాళీ. అక్కడ కోసి దగ్గరికి లాగి కుట్టి, లేని వేళ్ళ చోట స్పాంజి షీటు అతికిస్తే ఆగకుండా ఎక్కడికి పోతుంది? తోలైనా రబ్బరైనా కాలు కాలేగా.

“పెట్టి వెళ్ళండన్నా. కాలి కొలత ఇవ్వండి.”

కొలతలు గీసుకునే ఖాకీ కాగితం అయిపోయింది. బల్ల కింద శుక్రవారం ఉర్దూ పేపరు ఉంటే తీసి నేలమీద పరిచింది. దుర్గాప్రసాద్ ఆ పేపరు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. పాదాన్ని ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకుని ముందుకు పెట్టాడు.

ఆడవాళ్ళ కాలైతే సాలేహా ఎడమచేత్తో పాదం మీద నొక్కిపట్టి, కుడిచేత్తో పెన్సిలు నిలువుగా తిప్పేది. పరాయి మగవాడి కాలు ఎలా పట్టుకుంటుంది? ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కొంగు సర్దుకుని, పెన్సిలు చివర పట్టుకుని దూరం నుంచే గీత గీసింది. పాదం కొంచెం వణుకుతున్నట్టు అనిపించింది. మొహమాటం కాబోలు అనుకుంది.

సాయంత్రం ఖాలిక్ వచ్చి బల్లమీద ఫిన్స్ చూసి బ్యాగు కూడా దించకుండానే మొదలుపెట్టాడు.

“ఇదేంటి? చేపల మార్కెట్టు పెడుతున్నామా?”

ఆమె చెప్పింది. ఆయన విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు. “మగవాళ్ళ కొలత నువ్వెందుకు తీశావు? రేపు పొద్దున రమ్మంటే పోయేదిగా. సరే, ఒప్పుకున్నది నువ్వు, చేసేదీ నువ్వే. నాకు పెళ్ళి ఆర్డర్లున్నాయి.”

“నేనే చేస్తాను.”

“గవర్నమెంటు సామాను. నంబరు కూడా ఉంది. కత్తి పెట్టేముందు ఆలోచించుకో.”

ఆదివారం పొద్దున్నే ఆమె కత్తి పెట్టింది.

ఆ రబ్బరు చెప్పుల రబ్బరులాంటిది కాదు. కత్తికి జారుతుంది, సూదికి మూసుకుపోతుంది. మొదటి రెండు కుట్లకే తోలు పొడిచే ఆరె చివర విరిగింది. ఇంకో ఆరెని దీపం మీద వేడి చేసి రంధ్రాలు పొడిస్తే కాలిన వాసనతో గదంతా నిండిపోయింది, పక్క గదిలోంచి ఖాలిక్ దగ్గాడు. కావాలనే దగ్గాడని ఆమెకి తెలుసు. అలమరలో ఉన్న ఫర్మాల్లో, అంటే కాలి ఆకారంలో చెక్కిన కొయ్యల్లో, తన గీతకి దగ్గరగా ఉన్నది వెతికి తీసింది. దానికి వేళ్ళ వైపు ఒక మూల రంపంతో కోసేసింది. ఆ కొయ్యని తొడుగులో దింపి, గీత ఎంతవరకు ఉందో అంతవరకు రబ్బరుని లాగి, నైలాను దారంతో జంట కుట్టు వేసింది. ఖాళీలో స్పాంజి షీటు మూడు పొరలు సొల్యూషన్‌తో అతికించి, పైన తిరగలి రాయి పెట్టింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పటికి ఆమె వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి.

పని అయ్యాక ఫిన్‌ని వెలుతురులో తిప్పి చూసుకుంది. కుట్టు ఒక్కచోట కూడా వంకర పోలేదు. ఖాలిక్ కూడా వచ్చి బొటనవేలితో కుట్టు నొక్కి చూశాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే బాగుందని అర్థం.

నాలుగింటికి దుర్గాప్రసాద్ వచ్చాడు. ఖాలిక్ ముందు ఉన్నాడు కాబట్టి సాలేహా తెర వెనకే ఉండిపోయింది. స్టూలు మీద కూర్చుని ఫిన్ తొడుక్కుంటున్న చప్పుడు వినపడింది.

“ఎలా ఉంది?” అని ఖాలిక్.

“పట్టింది భాయ్. కొంచెం బిగువుగా ఉంది గానీ కొత్త చెప్పు బిగువుగానే ఉంటదిగా.”

“రెండు మునకలు వేస్తే సాగుతుంది. మన షాపు కుట్టు, ఊడమన్నా ఊడదు.”

“మీ చేతిలో ఉంది భాయ్ అదంతా.”

ఖాలిక్ కాదనలేదు. తెర వెనక సాలేహా అంటుకున్న వేళ్ళని కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ ఊరుకుంది. అలవాటైన సంగతే. ఇన్నేళ్ళలో ఈ షాపు గడప దాటి వెళ్ళిన చెప్పుల్లో సగానికి పైతోలు ఆమె కుట్టిందే. ఊరు మాత్రం ఖాలిక్ కుట్టు అంటుంది.

సోమవారం మధ్యాహ్నం రెండున్నరకి సందులో బైకు ఆగింది. దుర్గాప్రసాద్ జట్టులోనే ఉన్న కుర్ర ఈతగాడు సాయిగణేష్. తల ఇంకా తడిగానే ఉంది.

“ఖాలిక్ భాయ్, బాబాయ్ ఫెయిలయ్యాడు.”

“ఏం? ఊడిందా?”

“ఊడితే బాగుండేది. సగం దిగేసరికి కాలు పట్టేసింది. పిక్క రాయిలాగా అయిపోయింది. పైకొచ్చి గట్టు పట్టుకుని అరిచాడు. ఆయన అరవడం నేను ఎప్పుడూ వినలా.” బండి దిగకుండానే చెప్తున్నాడు. “మా అందరికీ ఇవి కరుస్తున్నాయి గానీ ఎట్టాగో తెచ్చాం. ఇంజనీరు జయంత్ సారు ఆయన పేరు పక్కన ఇంటూ మార్కు పెట్టారు. గురువారం ఇంకొక్క ఛాన్సు ఇస్తానన్నారు. అదే ఆఖరు.”

తెర వెనక సూది ఆగిపోయింది.

ఖాలిక్ గొంతు సర్దుకున్నాడు. “చూడు తమ్ముడూ, ఆ పని నేను చెయ్యలేదు. మా ఆవిడ చేసింది. నేను ఊళ్ళో లేనప్పుడు ఒప్పుకుంది.”

ఆ మాట సాలేహా చెవిలో సూదిలా దిగింది. నిన్న సాయంత్రం మెచ్చుకున్నప్పుడు ‘మన షాపు కుట్టు’. ఇవాళ కాలు పట్టేస్తే ‘మా ఆవిడ’. ఆమెకి ఒళ్ళు మండింది. లేచి తెర తీసి అడిగేద్దామనుకుంది. అడగలేదు. ఎందుకంటే కోపం కింద ఇంకోటి ఉంది, అది కోపం కంటే బరువుగా ఉంది. తప్పు నిజంగానే తనదయితే? ముప్పై అడుగుల గోతి మధ్యలో ఒక మనిషి పిక్క పట్టేసి ఉక్కిరిబిక్కిరి అయ్యాడంటే, అది తన కుట్టువల్లే అయితే?

బైకు వెళ్ళిపోయాక ఖాలిక్ తెర దగ్గరికి వచ్చాడు.

“అందుకే చెప్పాను, మగవాళ్ళ పని వేరని.”

“కుట్టు తప్పిందా?”

“కుట్టు తప్పలేదు. నేను చూశాను.”

“మరి కొలత తప్పిందా?”

ఆయన బల్లమీది పెళ్ళి చెప్పులు ముందుకు లాక్కున్నాడు. సాలేహా ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది.

మంగళవారం తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక ఆమె శనివారం గీసిన పేపరు చుట్ట సంచిలో పెట్టుకుంది. దాంతోపాటు సుద్దముక్క, టేపు, కొత్త ఖాకీ కాగితం. ఖాలిక్ చాప మీద కూర్చునే ఎక్కడికని అడిగాడు.

“రేవుకి.”

“నువ్వా? ఒక్కదానివా?”

“ఆటోలో వెళ్ళి ఆటోలో వస్తాను. కాలు అక్కడుంది కదా, నేను ఇక్కడ కూర్చుని ఏం చూడను?”

రేవు మెట్లమీద మనుషులు పలచగా ఉన్నారు. స్నానాలు చేసేవాళ్ళు ఒక పక్క, బట్టలుతికేవాళ్ళు ఒక పక్క. దూరంగా బ్యారేజీ మీద బస్సుల హారన్లు. దుర్గాప్రసాద్ ఎక్కడున్నాడని అడిగితే ఒకాయన నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఎవరూ లేరు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. సాలేహా మెట్టుమీద నిలబడి తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. తను మూడుసార్లు ఊపిరి వదిలి తీసుకున్నాక అప్పుడు, అనుకున్న చోటికి చాలా అవతల, ఒక తల లేచింది. దాని పక్కన బల్లెం కర్ర లేచింది. కర్ర చివర చేప గిలగిల కొట్టుకుంటోంది.

ఆయన ఈదుకుంటూ వచ్చి మెట్లెక్కాడు. ఉత్త కాళ్ళే. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఆమెని చూసి కంగారుపడి పై బట్ట భుజాన కప్పుకున్నాడు.

“నువ్వెందుకమ్మా ఇంత దూరం? నేనే వద్దామనుకున్నా. నీ పని బ్రహ్మాండంగా ఉంది. తప్పంతా నా వయసుది. ఇదుగో, ఈ వాలుగ తీసుకెళ్ళు, పిల్లలకి పులుసు పెట్టు.”

సాలేహా ఆయన మాట వినడం లేదు. మెట్ల వంక చూస్తోంది. నల్లరాతి మెట్లమీద ఆయన అడుగులు వరసగా తడిగా పడి ఉన్నాయి. బూట్లు ఎరగని పాదం, ముందువైపు చేటలాగా పరుచుకుని ఉంది. ఎడమది అయిదు వేళ్ళతో, కుడిది రెండు వేళ్ళతో.

ఆమె సంచిలోంచి పేపరు చుట్ట తీసి, కుడికాలి తడి గుర్తు పక్కన విప్పింది. తర్వాత ఆ గుర్తు మీదే పెట్టింది. గీతకి అవతల కూడా, రెండు పక్కలా, పేపరు తడిసి నల్లబడింది. ఒక్కో పక్క దాదాపు అర అంగుళం.

“అన్నా, ఇది మీ కాలు కాదు.”

“అదేంటమ్మా, నీ ముందేగా పెట్టాను.”

“పెట్టారు. ఆన్చారా?”

దుర్గాప్రసాద్ తన కాళ్ళ వంక చూసుకున్నాడు. చేపని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. నీళ్ళలో ముప్పై అడుగులు దిగే మనిషి, మెట్టుమీద నిలబడి ఏం చెయ్యాలో తెలియక తడబడ్డాడు.

“చెప్పండన్నా. మీ కాలు వణికింది, నేను చూశాను.”

“అది మీ రాతలో ఉన్న పేపరు కదమ్మా,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “మా తెలుగు పేపరైనా నేను తొక్కను. సరస్వతి. తప్పనిసరైతే కళ్ళకద్దుకుంటా. మీదేమో నాకు చదవడం రాదు. ఏ మూల మీ దేవుడి పేరుందో ఏంటో. నీ ఎదురుగా దానిమీద కాలేసి ఎట్టా నిలబడను? అందుకని కాలు కొంచెం పైకే పట్టుకున్నా. ఆనీ ఆననట్టు.”

సాలేహా పేపరు వంక చూసింది. తను గీసిన గీత లోపల, సరిగ్గా దుర్గాప్రసాద్ పాదం ఉండాల్సిన చోట, ఒక పెద్ద ప్రకటన ఉంది. దాన్ని ఆమె మొదటిసారి చదివింది.

“ఇందులో ఏముందో తెలుసా అన్నా?”

“ఏముంది?”

“బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె. నలభై రోజుల్లో మొలవకపోతే డబ్బు వాపసంట.”

ఆయన పేపరు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, చేత్తో తన బట్టతల తడుముకున్నాడు. ముందు ఎవరు నవ్వారో గానీ ఇద్దరికీ నవ్వు ఆగలేదు. సాలేహాకి నవ్వుతోపాటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. తప్పు ఏమిటో తెలిసింది. తెలిసిన తప్పుని దిద్దొచ్చు. నిన్నటి నుంచి గుండెమీద కూర్చున్న రాయి సగం దిగింది.

“తప్పు మీ ఒక్కరిదే కాదులెండి,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “కాలు గాల్లో ఉంటే పెన్సిలు కిందికి దూరి, గీత లోపలికి వస్తుంది. ఆడవాళ్ళ కాలైతే చేత్తో నొక్కి పట్టుకునేదాన్ని. మీది పట్టుకోలేదు. మీకు మొహమాటం, నాకు మొహమాటం. మధ్యలో పిక్క పట్టేసింది.”

ఆమె కొంగు నడుముకి దోపుకుని మెట్టుమీద కూర్చుంది.

“మళ్ళీ నీళ్ళలో కాలు ముంచి ఇక్కడ నిలబడండి. మొత్తం బరువు ఈ కాలి మీద వెయ్యండి. ఇది రాయి. దీనిమీద ఏమీ రాసి లేదు.”

ఆయన నిలబడ్డాడు. తడి గుర్తు చుట్టూ ఆమె సుద్దతో గీసింది. తర్వాత ఎడమచెయ్యి చాపి పాదం పట్టుకుంది. దుర్గాప్రసాద్ అదిరిపడి వెనక్కి లాక్కోబోయాడు.

“వద్దమ్మా! ఆడకూతురివి, నా కాలు ముట్టుకోవడమేంటి?”

“డాక్టరమ్మ అయితే ఊరుకునేవారుగా. కదలకండి.”

పాదం చల్లగా, గట్టిగా ఉంది. వేళ్ళు పోయిన చోట చర్మం బిగిసి, ఒక మూల ఎముక కొద్దిగా పొడుచుకొచ్చి ఉంది. అది ఏ కాగితం మీదా పడదు. చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఆమె బొటనవేలితో ఆ ఎముక చుట్టూ తడిమి, ఎక్కడ నొప్పో అడిగి, రాతిమీది గీతలో ఆ చోట సుద్దతో చుక్క పెట్టి, గీతనంతా ఖాకీ కాగితం మీదికి దించుకుంది. బట్టలుతికే ఆవిడ చెయ్యి ఆపి చూసింది. చూడనీ అనుకుంది సాలేహా.

“ఇంకోటుందమ్మా, చెప్పొచ్చో లేదో,” అన్నాడు ఆయన. “ఆ రెక్క నాకు పొడుగెక్కువ. సముద్రంలో అయితే సరిపోద్దేమో. గోతిలో రాళ్ళకి కొట్టుకుంటది, బురద లేస్తది. బురద లేస్తే ఇంక ఏం కనపడదు. మూడంగుళాలు పోతే బాగుండు.”

“శనివారమే చెప్పాల్సింది.”

“గవర్నమెంటుదని భయపడ్డా.”

“కోసింది ఎలాగూ కోశాం. ఇంకో మూడంగుళాలకి ఏం భయం?”

బుధవారం షాపులో పెళ్ళి చెప్పులు పక్కకి జరిగాయి. సాలేహా రేవు నుంచి తెచ్చుకున్న ఫిన్స్‌లో కుడిదానికి ఆదివారం వేసిన కుట్లన్నీ తనే విప్పింది. అంత తీరుగా వేసిన కుట్టు విప్పడం ప్రాణానికి ఎలాగో ఉంటుంది, అయినా విప్పింది. తొడుగు రెండు పక్కలా చీల్చి, లారీ ట్యూబు నుంచి ఆకుల్లాగా కోసిన రెండు ముక్కలు అందులో అతికించింది. కొయ్య ఫర్మాకి రెండు పక్కలా తోలు ముక్కలు మేకులు కొట్టి వెడల్పు చేసింది. ఎముక ఉన్నచోట స్పాంజిని గుంటలాగా తొలిచింది. డేగిశాలో నీళ్ళు కాగబెట్టి, తొడుగుని అందులో నానబెట్టి, వేడి మీద ఫర్మా దింపాలని చూసింది. దిగలేదు. మళ్ళీ నానబెట్టింది. మళ్ళీ దిగలేదు. చేతులు ఎర్రగా కాలిపోయాయి.

ఖాలిక్ తెర పక్కన నిలబడి అంతా చూస్తున్నాడు. ఏమనుకున్నాడో ఏమో, లోపలికి వెళ్ళి సబ్బుబిళ్ళ తెచ్చాడు.

“ఫర్మాకి సబ్బు రాయి. నువ్వు రబ్బరు పట్టుకో, నేను నెడతాను.”

ఇద్దరూ కలిసి పట్టి నెడితే ఫర్మా చప్పున దిగింది. ఖాలిక్ రెండు ఫిన్ల రెక్కల్నీ ఒకదాని తర్వాత ఒకటి బల్లకి బిగించి హాక్సా బ్లేడు ఆమె చేతికిచ్చాడు. మూడంగుళాలు ఆమే కోసింది. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దింది.

“కాలి మీద చెయ్యి వేసి కొలిచావంట,” అన్నాడు ఖాలిక్, రబ్బరు పొడి ఊడుస్తూ. “సాయిగణేష్ చెప్పాడు.”

“వేశాను. శనివారమే వేసి ఉంటే ఇంత జరిగేది కాదు.”

ఆయన చీపురు ఆపాడు. ఆరెలూ కత్తీ ఏరి ఆమె పక్కన పెట్టాడు.

గురువారం రేవు దగ్గర షామియానా కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, రిజిస్టరు. ప్రాక్టీసు డైవ్‌లు చేసొచ్చిన మిగతా ఈతగాళ్ళు ఫిన్స్ విప్పకుండానే మెట్లమీద ఉన్నారు. ఇంజనీరు జయంత్‌కి ముప్పై రెండేళ్ళుంటాయి. మొహం చూస్తే నిద్ర చాలని మనిషిలా ఉన్నాడు. సాలేహా వస్తానంటే ఖాలిక్ షాపు మూసి తనూ వచ్చాడు.

దుర్గాప్రసాద్ మెట్టుమీద కూర్చుని, తొడుగు లోపల నీళ్ళు పోసుకుని, ఫిన్స్ తొడిగాడు. ఈసారి కూర్చునే బాగుందనలేదు. లేచి నిలబడ్డాడు, కుడికాలి మీద బరువంతా వేశాడు, సాలేహా వంక చూసి తల ఊపాడు. పడవలో గోతి దాకా వెళ్ళాడు. మూడు నిండు ఊపిరులు తీసుకుని, తల కిందికి వంచి మునిగాడు. రెక్కలు ఒక్క క్షణం పైకి లేచి కనపడి, అవీ మునిగిపోయాయి.

సాయిగణేష్ ఫోన్లో సెకన్లు చదువుతున్నాడు. ఇరవై. ముప్పై. నలభై దగ్గర సాలేహా గుడ్డసంచి పిడి మెలితిప్పుతోంది. సోమవారం ఈపాటికే ఆయన అరిచి ఉంటాడు. అల్లా, ఆ కుట్టు కాదు, ఆ కాలు చల్లగా ఉండాలి అనుకుంది. యాభై. యాభై అయిదు. నీళ్ళలో బురద కూడా లేవలేదు.

డెబ్భై ఒకటో సెకనుకి తల లేచింది. దాని పక్కన తడిసి బరువెక్కిన ఇసుక మూట లేచింది. గట్టుమీద ఈతగాళ్ళు ఈలలు వేశారు. సాలేహా సంచి వదిలేసి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

జయంత్ రిజిస్టరులో టిక్కు పెట్టబోయి ఆగాడు. మెట్లెక్కి వస్తున్న దుర్గాప్రసాద్ కాళ్ళ వంక చూశాడు.

“ఇవేంటి? ఏడో నంబరు జత ఇదేనా? రెక్క చివర ఏదీ?”

“కొంచెం సరిచేయించుకున్నాను సార్.”

“సరిచేయడమేంటండీ? కోసేశారు! స్టోర్ రిజిస్టరులో దీన్ని డ్యామేజీ అని రాయాలి. డ్యామేజీ అయిన వాటితో చేసిన డైవ్‌ని నేను పాస్ అని ఎలా రాయను? రేపు ఆడిట్‌లో నన్ను అడుగుతారు.” ఆయన గొంతు పెంచాడు. “ఎవరు కోశారు?”

సాలేహా నోరు తెరిచేలోపే ఖాలిక్ ఆమెకి అడ్డంగా ఒక అడుగు ముందుకు వేశాడు.

“నేను సార్. గవర్నర్‌పేటలో షాపు నాదే.”

సాలేహా ఆయన వీపు వంక చూసింది. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. భయపడుతున్నాడు, ఆమె కోసమే భయపడుతున్నాడు. అది ఆమెకి అర్థమైంది. అర్థమై గుండె మెత్తబడింది కూడా. అయినా సరే. ఇన్నేళ్ళూ మెప్పంతా ఆయన ఖాతాలోకే పోయింది. ఇప్పుడు తిట్లు కూడా ఆయనే తీసుకుంటే తనకి మిగిలేదేంటి? తన తిట్లు తనకి కావాలనిపించింది.

ఆమె పక్కకి జరిగి ముందుకొచ్చింది.

“ఆయన కాదు సార్. ఆయన సబ్బు తెచ్చిచ్చారు. కోసింది నేను, కుట్టింది నేను. మొదట తప్పు కొలత తీసింది కూడా నేనే. డ్యామేజీ అని రాస్తే రాయండి. పక్కన చేసినవాళ్ళ పేరు మాత్రం సరిగ్గా రాయండి. సాలేహా.”

జయంత్ పెన్ను పట్టుకుని ఆమె వంక చూశాడు.

అప్పుడు సాయిగణేష్ కింది మెట్టు మీద కూర్చుని తన ఫిన్స్ పీకి రిజిస్టరు ముందు పెట్టాడు. మడమ వెనక చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. “నాది మూడో నంబరు సార్. పాసయ్యాను. కానీ నెలంతా వీటితో దిగాలిగా. నావి కూడా డ్యామేజీ అని రాసేయండి. అక్కా, నాకు ఒక్క అంగుళం వెడల్పు చేస్తే చాలు.”

వెనకాల ఇంకొకడు పీకాడు. తర్వాత ఇంకొకడు. ఎవరూ గొడవ చెయ్యలేదు, నినాదాలేం ఇవ్వలేదు. బల్ల ముందు తడి రబ్బరు కుప్ప పడింది, అంతే. మడమలు అన్నీ దాదాపు ఒకలాగే ఒరుసుకుపోయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎవడి కాలు వాడికే పెద్దదనుకుని నోరు మూసుకున్నారు.

జయంత్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఒక ఫిన్ తీసి లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత ఇసుక మూట వంక చూశాడు.

“డ్యామేజీ అని రాస్తే తొమ్మిదీ రాయాలి,” అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. మళ్ళీ పెన్ను తీశాడు. దుర్గాప్రసాద్ పేరు పక్కన సోమవారం పెట్టిన ఇంటూ మార్కు కొట్టేసి టిక్కు పెట్టాడు. చివరి గడిలో ‘కాలికి తగినట్టు మార్పు’ అని రాశాడు. “ఇంటిపేరు, అడ్రసు చెప్పమ్మా. మిగతావి కూడా ఇట్లాగే రాస్తాను. కానీ నంబర్లు చెరిగిపోకూడదు.”

“చెరగవు సార్.”

సాయిగణేష్ ఖాలిక్ వైపు తిరిగాడు. “భాయ్, నావి ఎప్పటికిస్తావు?”

“నన్ను అడుగుతావేంటి?” అన్నాడు ఖాలిక్. “ఆమెని అడుగు.”

సాలేహా అప్పటికే మెట్టుమీద కూర్చుని కొంగు దోపుకుంది. ఎనిమిది మంది ఈతగాళ్ళు నీళ్ళలో కాళ్ళు ముంచుకుని వరసగా నిలబడ్డారు. ఆమె ఒక్కొక్క పాదం పట్టుకుని రాతిమీద ఆన్చి, ఆనింది అనిపించాక అప్పుడు సుద్ద తిప్పుతోంది. రెండో కాలికి వచ్చేసరికి చిక్కొచ్చింది. పదిన్నర ఎండ, రాయి కాలుతోంది. గీత పూర్తయ్యేలోపే తడి ఆరిపోతోంది.

“నీళ్ళు,” అంది తల ఎత్తకుండానే.

ఖాలిక్ చుట్టూ చూశాడు. స్నానం చేస్తున్న ఎవరిదో చెంబు అడిగి తీసుకుని నదిలో ముంచాడు. వచ్చి ఆమె పక్కన వంగి, ఆమె చెప్పిన కాలి మీద, ఆమె చెప్పినంత నీళ్ళు పోశాడు.